ఆకాశమునుండి దిగివచ్చు దూరదర్శిని – గ్రామ పంచాయతుల కర్తవ్యము

చలికాలమున ఒకనాటి ప్రాతఃకాలమున జనగామ ప్రాంతపు రైతు ఒకరు తన పత్తిచేనికి పోయిరనుకొందము. చేని నడుమ రంగురంగుల గుడ్డ యొకటి విశాలముగ పరచుకొని యున్నది. దానికి ముప్పది మీటర్ల పొడవుగల త్రాడు కట్టబడి యున్నది. త్రాటి చివర ఒక లోహపు చట్రము, ఆ చట్రములో మూసియున్న పెట్టెలు, తీగెలు, గాజు బిళ్లలు కానవచ్చుచున్నవి. రైతు నిర్ఘాంతపోవును. గడియసేపటిలో ఊరెల్ల అచటికి చేరును. అది బాంబని ఒకరందురు; పరదేశపు వేగుయంత్రమని మరియొకరందురు; అందు విలువగల లోహము లుండునని వేరొకరు చెవిలో చెప్పుకొందురు. ఇంతలో ఒక ఉత్సాహవంతుడగు యువకుడు ఇంటికి పరుగెత్తి మరలు విప్పు పనిముట్టు తెచ్చును. అప్పుడే సర్పంచి అచటికి వచ్చును. ఆ నిమిషమున సర్పంచి పలుకు మాటపై పలువురు శాస్త్రజ్ఞుల కొన్నియేండ్ల శ్రమ ఆధారపడి యుండును.

ఇది కేవలము ఊహ కాదు. హైదరాబాదులో టాటా మౌలిక పరిశోధన సంస్థవారి బెలూను కేంద్రము కలదు. వారు శాస్త్రీయ పరికరములను పెద్ద బెలూనులకు కట్టి ఆకాశమునకు పంపుచుందురు. పని ముగిసిన పిదప ఆ పరికరములు పారాచూటుల సాయముతో నేలకు దిగును. అవి దిగుటకు అవకాశమున్న జిల్లాల పేర్లను కేంద్రమువారు పత్రికలలో ప్రకటింతురు. ఆ పట్టికలలో జనగామ, మహబూబాబాదు, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల పేర్లును ఉన్నవి. 2025 జనవరిలో కర్ణాటకమందలి బీదరు జిల్లా జలసంగి గ్రామమున హైదరాబాదునుండి ఎగిరిన బెలూను ఒకటి ఒక యింటిపై దిగగా గ్రామస్థులు మిక్కిలి కలవరపడిరి. అట్టి ఉదయము రేపు మన గ్రామమునకును రావచ్చును. కనుక ఆ పెట్టెలలో నేమి యుండును, వాటి నేల ఆకాశమునకు పంపుదురు, అవి దిగినపుడు పంచాయతి ఏమి చేయవలెను అను విషయములను ఈ వ్యాసమున వివరింతుము.

గాలి యను తెర

చీకటిరాత్రి మన కంటికి కొన్నివేల తారలు కానవచ్చును. కాని కంటికి కానవచ్చు వెలుగు ఆకాశమునుండి వచ్చు వెలుగులో ఒక చిన్న భాగము మాత్రమే. ఆస్పత్రిలో ఎముకలను చూపు ఎక్స్ కిరణములును, పొయ్యి చెంత కూర్చున్నపుడు ఒంటికి వెచ్చదనమునిచ్చు పరారుణ కిరణములును, ఎండలో చర్మమును నల్లబరచు అతినీలలోహిత కిరణములును వెలుగు జాతికి చెందినవే. తారలును, తారలు పుట్టు మేఘములును, తారలు చచ్చిన పిదప మిగులు వింత వస్తువులును ఈ కిరణములను ఎల్లపుడు వెదజల్లుచునే యున్నవి.

అయినను అవి నేలవరకు రావు. భూమిని కప్పియున్న గాలి వాటిని దారిలోనే మ్రింగివేయును. ఎక్స్ కిరణములను గాలిలోని పరమాణువులు ఆపివేయును. పరారుణ కిరణములలో పెక్కింటిని గాలియందలి నీటి ఆవిరి ఆపివేయును. అతినీలలోహిత కిరణములలో అధిక భాగమును ఓజోను పొర అడ్డగించును. ఇది మన అదృష్టమే. ఆ కిరణములు నేల తాకిన యెడల పైరులును, పశువులును, మనుష్యులును బ్రతుకుట దుర్లభము. కాని ఆకాశమును పరిశీలింప గోరువారికి ఆ తెర పెద్ద ఆటంకము. తెరను తొలగించుట సాధ్యము కాదు గనుక దూరదర్శినినే, అనగా టెలిస్కోపునే, తెరకు పైకి తీసికొనిపోవలెను.

అందులకు రెండు మార్గములు కలవు. మొదటిది, రాకెట్టుతో ఉపగ్రహమును పంపి దూరదర్శినిని భూమిచుట్టును తిరుగునట్లు చేయుట. రెండవది, బెలూనుతో దానిని 30 నుండి 42 కిలోమీటర్ల ఎత్తునకు పంపుట. ఆ ఎత్తున గాలిలో నూటికి తొంబదితొమ్మిది పాళ్లు దూరదర్శినికి క్రిందనే ఉండిపోవును. అది అంతరిక్షము కాకపోయినను దాని గుమ్మము వంటిది.

బెలూను యాత్ర

టాటా మౌలిక పరిశోధన సంస్థను 1945వ సంవత్సరమున హోమీ భాభా గారు స్థాపించిరి. ఆకాశమునుండి సదా కురియు విశ్వకిరణములను పరిశీలించుటకై వారి శాస్త్రజ్ఞులు తొలినాటినుండియు బెలూనులను ఉపయోగించిరి. బెలూను కేంద్రమునకు హైదరాబాదు అనువైనదగుటకు కారణము లున్నవి. ఈ ప్రాంతము భూమియొక్క అయస్కాంత మధ్యరేఖకు చేరువలో నున్నది. విద్యుదావేశముగల విశ్వకిరణములను భూమి అయస్కాంతశక్తి ఇచట ఎక్కువగా ప్రక్కకు త్రోసివేయును. అందుచేత ఎక్స్ కిరణ పరికరములకు అనవసరమైన రొద తగ్గును. జాతరలో చెవిటి కేకలు తగ్గినపుడు పిలిచినవారి గొంతు వినిపించునట్లు, దూరపు తారల సన్నని సంకేతము ఇచట బాగుగ తెలియును. మరియు ఇది దేశమునకు నడుమ నున్నది. బెలూను ఎటు పోయినను సముద్రమున పడక నేలమీదనే దిగుటకు అవకాశము మెండు.

బెలూనును పలుచని పాలిథీన్ పొరతో చేసి హైడ్రోజను వాయువుతో నింపుదురు. నేలపై దానిలో కొద్దిపాటి వాయువునే నింపుదురు. పైకి పోయిన కొలది చుట్టునున్న గాలి ఒత్తిడి తగ్గును, లోపలి వాయువు వ్యాపించును, బెలూను ఉబ్బును. పూర్తిగ ఉబ్బిన బెలూను అడ్డుకొలత 50 మొదలు 85 మీటర్ల వరకు నుండును. మార్గమధ్యమున అది సున్నకు క్రింద 80 డిగ్రీల చలిని దాటిపోవలెను. ఆ చలిలో సాధారణమగు ప్లాస్టిక్ పెళుసుబారి పగిలిపోవును. కావున అందులకు తగిన ప్రత్యేకమగు పొరను ఉపయోగింతురు.

బెలూనులను సాధారణముగ అక్టోబరు, నవంబరు నెలలనుండి ఏప్రిలు వరకు, రాత్రి 8 గంటలకును ఉదయము 6 గంటల 30 నిమిషములకును నడుమ ఎగురవేయుదురు. రమారమి రెండు గంటలలో బెలూను తన ఎత్తును చేరి కొన్ని గంటలసేపు, హెచ్చుగ నున్నచో పది గంటలవరకు, అచట తేలియాడును. గాలి దిక్కు ఎత్తునుబట్టి మారును. ఒక పొరయందు తూర్పునకును వేరొక పొరయందు పడమటికిని వీచును. కనుక బెలూను నడకయు అటునిటు నుండును. పని ముగియగనే నేలనుండి రేడియో ఆజ్ఞ నిచ్చి త్రాటిని తెంపుదురు. బెలూను చినిగి వేరుగ పడును. పరికరములు పారాచూటుతో మెల్లగ దిగును. విశాఖపట్నము, హైదరాబాదు, షోలాపూరు పట్టణములను కలుపు గీతవెంబడి హైదరాబాదునకు 200 నుండి 350 కిలోమీటర్ల దూరమువరకును అవి దిగవచ్చునని కేంద్రమువారి ప్రకటన తెలుపుచున్నది. హైదరాబాదునకు తూర్పునను ఈశాన్యమునను ఉన్న మన మూడు జిల్లాలు ఆ పట్టికలో చేరుట ఇందుచేతనే.

పెట్టెలలో నేమి యున్నది?

దూరదర్శిని యనగా గొట్టమును కటకమును మాత్రమే కాదు. దూరదర్శిని వెలుగును ప్రోగుచేయును. దాని వెనుకనుండు పరికరము ఆ వెలుగును కొలుచును. పాలకేంద్రమున పాలు పోయించుకొనుట ఒక పని, వెన్నశాతమును కొలుచుట మరియొక పని. కొలుచు యంత్రము లేనిదే పాల విలువ తెలియదు. అటులనే కొలుచు పరికరము లేనిదే దూరదర్శిని ఎంత పెద్దదైనను ప్రయోజనము లేదు.

టాటా సంస్థవారు హైదరాబాదునుండి ఎగురవేయు బెలూను దూరదర్శినులలో ముఖ్యమైనది ఒక మీటరు అడ్డుకొలతగల అద్దము కలది. ఇది దూర పరారుణ కిరణములను చూచును. దీనికి జపాను శాస్త్రజ్ఞుల సహకారముతో ఒక వర్ణమాపక పరికరమును అమర్చి 1999వ సంవత్సరమునుండి ఎగురవేయుచున్నారు. మీటరులో పదిలక్షలవ వంతును మైక్రోమీటరు అందురు. ఆ పరికరము 158 మైక్రోమీటర్ల పొడవుగల తరంగమును వేరుచేసి కొలుచును. విద్యుదావేశము పొందిన కర్బన పరమాణువులు విడుచు వెలుగు అదియే. తారలు పుట్టు వాయుమేఘములు ఈ వెలుగు రూపమున తమ వేడిని కోల్పోవును. మేఘము చల్లారనిదే కుదించుకొనజాలదు; కుదించుకొననిదే తార పుట్టదు. కనుక ఈ వెలుగును కొలుచుట యనగా తారలు ఎట్లు జన్మించునో తెలిసికొనుటయే.

ఈ పనికి ఒక చిక్కు కలదు. వెచ్చని వస్తువులన్నియు పరారుణ కిరణములను వెదజల్లును. పరికరమే వెచ్చగ నున్నచో తన వెలుగునే తాను చూచుకొనును. అందుచేత దాని గ్రాహకమును ద్రవ హీలియముతో చల్లబరచుదురు. ద్రవ హీలియము సుమారు సున్నకు క్రింద 269 డిగ్రీల వద్ద నుండును. దానిని నిలువయుంచు పాత్ర మన వేడినీటి ఫ్లాస్కువలె రెండు గోడలు కలిగి మూసియుండును. ఇట్టి పాత్రను తెలియనివారు విప్పుట అపాయకరము.

రెండవ తెగ పరికరములు ఎక్స్ కిరణములను లెక్కించునవి. 1968వ సంవత్సరముననే హైదరాబాదునుండి ఎగిరిన బెలూను పరికరములు వృశ్చిక రాశిలోని మిక్కిలి ప్రకాశవంతమగు ఎక్స్ కిరణ తారను పరిశీలించినవి. ఇట్టి పరికరములలో కొన్నింట జెనాను మొదలగు వాయువు నింపిన పెట్టె యుండును. ఎక్స్ కిరణ మొకటి లోనికి వచ్చినపుడు ఆ వాయువులోని పరమాణువు నుండి ఎలక్ట్రానును వెడలగొట్టును. పెట్టెలో నున్న సన్నని తీగెలకు వేయి వోల్టులకు మించిన విద్యుత్తు నిత్తురు. ఆ తీగె ఎలక్ట్రానును ఆకర్షించి ఒక విద్యుత్ స్పందనమును పుట్టించును. స్పందనములను లెక్కించినచో కిరణముల సంఖ్యయు, స్పందనము బలమును కొలిచినచో కిరణము శక్తియు తెలియును. మన యిండ్లలోని విద్యుత్తు 230 వోల్టులదే. దానిని ముట్టినచో ఏమగునో ఎల్లరు నెరుగుదురు. పడిన పెట్టెను విప్పరాదని చెప్పుటకు గల కారణములలో ఇది మొదటిది.

ఉపగ్రహముపై నున్న అన్నదమ్ములు

బెలూనుపై నేర్చిన విద్య ఉపగ్రహములకును ఉపకరించినది. భారతదేశపు తొలి బహుతరంగ ఖగోళ పరిశోధన ఉపగ్రహమగు ఆస్ట్రోశాట్ 2015 సెప్టెంబరు 28వ తేదీన మన తెలుగునేలయందలి శ్రీహరికోటనుండి ఎగిరెను. దాని బరువు సుమారు 1,500 కిలోలు. అది 650 కిలోమీటర్ల ఎత్తున భూమిచుట్టును తిరుగుటకు పంపబడినది. ఆకాశమును చూచుటకై అందు అయిదు పరికరములు కలవు. వాటిలో కొన్నింటిని నిర్మించినవారు టాటా సంస్థవారే.

మొదటిది అతినీలలోహిత దూరదర్శిని. ఇందు 38 సెంటీమీటర్ల అద్దములుగల రెండు గొట్టములున్నవి. ఇది వెలుగు కణములను ధాన్యపు గింజలవలె ఒక్కొక్కటిగ లెక్కింపగలదు. రెండవది మృదు ఎక్స్ కిరణ దూరదర్శిని. ఎక్స్ కిరణములు అద్దమునకు సూటిగ తగిలిన అందులో చొచ్చుకొనిపోవును. చెరువునీటిపై పిల్లలు ఏటవాలుగ విసరిన పెంకు మునుగక ఎగిరిపోవునట్లు, అవి మిక్కిలి ఏటవాలుగ తగిలినపుడు మాత్రమే మరలును. కావున బంగారు పూతగల పలుచని అద్దములను ఒకదానిలో నొకటి ఇమిడినట్లు గొట్టములుగ అమర్చి ఆ కిరణములను ఒకచోటికి చేర్తురు. మూడవది జెనాను వాయువు నింపిన మూడు పెద్ద గణకములు. వీటి పని బెలూను పరికరమును గూర్చి పైన చెప్పినట్టిదే. నాలుగవది కాడ్మియము, జింకు, టెల్లూరియము కలిసిన ఘనపదార్థముతో చేసిన గ్రాహకము. దీనికి పైభాగమున రంధ్రములుగల లోహపు పలక యున్నది. జల్లెడ నీడనుబట్టి ఎండ ఏ మూలనుండి వచ్చుచున్నదో చెప్పగలిగినట్లు, ఆ పలక నీడనుబట్టి కిరణము ఏ దిక్కునుండి వచ్చెనో గణింతురు. అయిదవది తిరుగుచు ఆకాశమును కావలి కాయు పరికరము. మంచె మీది కావలివాడు నలుదిక్కులు చూచునట్లు, ఎచటనైన క్రొత్త ఎక్స్ కిరణ తార మండినచో ఇది తెలియజేయును.

ఈ ఉపగ్రహము అయిదేండ్లు పనిచేయుటకు ఉద్దేశింపబడినది. కాని 2025 సెప్టెంబరుతో పదియేండ్లు నిండెను. వెలుగు ఒక సంవత్సరమున పోవు దూరమును కాంతిసంవత్సర మందురు. 930 కోట్ల కాంతిసంవత్సరముల దూరమున నున్న నక్షత్రసమూహమునుండి వచ్చిన తీవ్రమగు అతినీలలోహిత కాంతిని ఆస్ట్రోశాట్ గ్రహించినదని 2020వ సంవత్సరమున మన శాస్త్రజ్ఞులు ప్రకటించిరి.

తిరిగివచ్చుటలోని మేలు

ఉపగ్రహమునకు ఒక లోపము కలదు. పైకి పోయిన పరికరము చెడిన బాగుచేయువారు లేరు. 2018వ సంవత్సరమున ఆస్ట్రోశాట్ అతినీలలోహిత దూరదర్శినిలో ఒక భాగము పనిచేయుట మానినది. అదే సంవత్సరమున మూడు జెనాను గణకములలో ఒకదానిని, వాయువు కారిపోయినందున, ఆపివేయవలసి వచ్చినది. శాస్త్రజ్ఞులు నేలనుండి చూచుచుండుట తప్ప చేయునది లేకపోయినది. అమెరికావారు 1990వ సంవత్సరమున పంపిన హబుల్ దూరదర్శిని అద్దమున దోషము బయటపడగా, 1993 డిసెంబరులో వ్యోమగాములు అచటికి పోయి దానిని సరిదిద్దిరి. అందులకైన వ్యయప్రయాసలు అపారములు. 2021 డిసెంబరు 25వ తేదీన ఎగిరిన జేమ్స్ వెబ్ దూరదర్శిని భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరమున నున్నది. అందు నాలుగు పరికరములున్నవి. వాటిని బాగుచేయుటకు అచటికి పోవు ఏర్పాటే లేదు.

బెలూను దూరదర్శిని యట్లు కాదు. అది ఇంటికి తిరిగివచ్చును. చెడిన భాగమును మార్చి, మెరుగుపరచి మరల ఎగురవేయవచ్చును. ఉపగ్రహముతో పోల్చిన దాని వ్యయము స్వల్పము. క్రొత్త గ్రాహకమును ఉపగ్రహమున అమర్చుటకు ముందు బెలూనుపై పరీక్షించుటయు కలదు. కాని ఈ మేలంతయు ఒక్క విషయముపై ఆధారపడి యున్నది. అది దిగిన చోట, దిగిన స్థితిలోనే, చెక్కుచెదరక దొరకవలెను. అంతరిక్షమందలి దూరదర్శినిని పల్లెవాసి చేయి తాకదు. బెలూను దూరదర్శిని క్షేమము మాత్రము తుదకు పల్లెవాసి చేతిలోనే యున్నది.

చెక్కుచెదరక దొరకుట ఎంత ముఖ్యమో తెలుపుటకు ఒక ఉదాహరణము చాలును. 2005 ఏప్రిలు 20వ తేదీన హైదరాబాదునుండి ఎగిరిన ఒక బెలూను 20 నుండి 41 కిలోమీటర్ల ఎత్తుల వద్ద గాలి నమూనాలను ఉక్కు గొట్టములలో సేకరించెను. అది దూరదర్శిని కాకపోయినను, అదియు పారాచూటుతో దిగినదే. గొట్టములలోని గాలిని ప్రయోగశాలలలో పరీక్షింపగా మూడు క్రొత్త జాతుల సూక్ష్మజీవులు కనుగొనబడినవి. 2009వ సంవత్సరమున ఈ ఫలితమును ప్రకటించిరి. ఆ జాతులలో ఒకదానికి మన ప్రాచీన గణితజ్ఞుడగు ఆర్యభటుని పేరు పెట్టిరి. దిగిన పొలములో ఎవరైన కుతూహలముతో ఒక మూత విప్పినచో పొలములోని దుమ్ము, చేతి చెమట అందు చేరెడివి. అపుడు ఆకాశమునుండి వచ్చినదేదో, పొలమున కలిసినదేదో చెప్పుట ఎవరి తరమును కాకపోయెడిది.

పంచాయతి చేయవలసిన పనులు

బెలూను ఎగురు కాలమే మన పల్లెలలో పనుల కాలము. జనగామ వైపున పత్తి ఏరుటయు యాసంగి వరినాట్లును, మహబూబాబాదు వైపున మిరప కోతలును ఆ నెలలలోనే జరుగును. భూపాలపల్లి వైపు అడవులలో పశువుల కాపరులును, వేసవి ముదిరినపుడు తునికాకు సేకరించువారును తిరుగుచుందురు. పరికరమును మొదట చూచువారు వీరే. కావున అక్టోబరు రాకముందే గ్రామసభలో ఒకపరి ఈ సంగతిని ప్రస్తావించి, చాటింపు వేయించుట మంచిది. తండాలలో లంబాడీ భాషలోను, కోయగూడెములలో కోయభాషలోను చెప్పించినచో విషయము అందరికి చేరును. బడిపిల్లలకు ఉపాధ్యాయులచేత చెప్పించుట అన్నిటికంటె సులువైన మార్గము.

పరికరము దిగినదని తెలిసిన వెంటనే చేయవలసిన పనులు ఇవి:

1. దానిని ఎవ్వరును ముట్టకుండ చూడవలెను. కదల్చరాదు, విప్పరాదు, తీగెలు లాగరాదు. చుట్టును త్రాడు కట్టి జనమును దూరముగ నిలుపవలెను. పిల్లలను దగ్గరకు రానీయరాదు.

2. సమీపమందలి పోలీసు ఠాణాకు గాని, తపాలా కార్యాలయమునకు గాని, జిల్లా అధికారులకు గాని వెంటనే తెలుపవలెను. పెట్టెపై చిరునామాయు ఫోను సంఖ్యయు వ్రాసియున్నచో వాటి ప్రకారము కేంద్రమువారికే తెలుపవచ్చును. వ్రాతను చదువుటకై పెట్టెను త్రిప్పరాదు.

3. శాస్త్రజ్ఞులు వచ్చువరకు కావలి ఏర్పాటు చేయవలెను. వారు దూరమునుండి రావలెను గనుక కొన్ని గంటలు పట్టవచ్చును. రాత్రియైన యెడల ఇద్దరిని నియమించుట మేలు.

4. పారాచూటు విద్యుత్ తీగెలపై చిక్కుకొన్నచో ఎవ్వరును లాగరాదు. ముందుగ విద్యుత్ శాఖ సిబ్బందికి తెలిపి ప్రవాహమును ఆపించవలెను.

5. బెలూను ప్లాస్టిక్ వేరొకచోట పడియుండవచ్చును. హైడ్రోజను నిప్పు తగిలిన మండు వాయువు. కావున దాని చెంత చుట్ట, బీడీ కాల్చరాదు. ఆ ప్లాస్టిక్ ముక్కలు పశువుల కడుపున చేరినచో ప్రాణాపాయము. పొలములో వాటిని వదలివేయక, కేంద్రమువారికి చూపిన పిదప ఏరివేయించవలెను.

6. ఏ సమయమున, ఎవరి పొలమున, ఏ స్థితిలో కనబడినది, ఎవరెవరు చూచిరి అను వివరములను పంచాయతి కార్యదర్శిచే వ్రాయించి ఉంచవలెను. దూరమునుండి ఫొటో తీయుట తప్పు కాదు.

సందేహములు – సమాధానములు

ఇది బాంబు కాదా యని అడుగువారుందురు. శాస్త్రీయ పరికరములు ముట్టనంతవరకు ఎట్టి హానియు చేయవు. అయినను, దిగినది నిజముగ బెలూను పరికరమేనా యని నిర్ణయించుట పోలీసుల పని గాని మన పని కాదు. అది ఏదైనను ముట్టకుండుటయే క్షేమము.

అందు బంగారము, వెండి దొరకునా యని కొందరు ఆశపడుదురు. అద్దములపై లోహపు పూత వెంట్రుకకంటె ఎన్నోరెట్లు పలుచనిది. గీకినచో గోటికి కూడ అంటదు. కాని ఆ అద్దమును మరల చేయుటకు నెలలు పట్టును. దొంగకు దమ్మిడీ లాభము లేదు. దేశమునకు మాత్రము తీరని నష్టము. దీనికి మారుగ, ముట్టక సమాచారమందించిన వారికి తగిన పారితోషికమును, సమాచారము పంపుటకైన ఉచిత వ్యయమును ఇత్తుమని కేంద్రమువారు ప్రకటించుచున్నారు. విప్పి పాడుచేసిన యెడల పారితోషికము లేదనియు స్పష్టముగ తెలుపుచున్నారు.

పంట త్రొక్కిపోవదా యని రైతు అడుగుట న్యాయమే. పరికరము పడిన చోటికంటె దానిని చూడవచ్చిన జనము వలననే పంటకు హెచ్చు హాని కలుగును. ఆ జనమును గట్టుపై నిలుపుట సర్పంచి, సభ్యులు పూనుకొన్న సాధ్యము కానిది కాదు. నష్టము కలిగినచో దాని వివరములను కూడ కార్యదర్శి వ్రాతలో చేర్పించి, వచ్చిన శాస్త్రజ్ఞులకును మండల అధికారులకును చూపవలెను.

ఈ పరిశోధనవలన మా ఊరికేమి లాభమని ప్రశ్నించువారికి ఒక్కమాట. తార పుట్టుకను తెలిసికొన్నంత మాత్రమున చెరువు నిండదు. కాని ఆకాశమున వాతావరణమును కనిపెట్టు ఉపగ్రహము, తుపానును ముందుగ తెలుపు హెచ్చరిక, ఆస్పత్రిలోని ఎక్స్ కిరణ యంత్రము – ఇవన్నియు ఒకనాడు కేవలము తెలిసికొనవలెనను కోరికతో మొదలైన పరిశోధనలకు ఋణపడినవే. ఇట్టి గ్రాహకములను చేయ నేర్చిన చేతులు దేశమున నున్నంతవరకు ఆ విద్య ఇతర పనులకును ఉపకరించును.

మన పల్లెలలో బాటసారి మరచిపోయిన మూటను విప్పక, అతడు తిరిగివచ్చువరకు అరుగుపై భద్రపరచు మర్యాద యున్నది. ఆకాశమునకు పోయి వచ్చిన ఈ పెట్టెయు అట్టి మూటయే. దానిని నింపినవారు హైదరాబాదులో ఎదురుచూచుచున్నారు. మూట విప్పకుండ వారికి అప్పగించిన నాడు, తారల పుట్టుకను గూర్చి వ్రాయబడు పుటలలో మన గ్రామమునకును భాగముండును. ఈ విషయమును రాబోవు గ్రామసభలో చదివి వినిపింప గోరుచున్నాము.